దండెం కర్ర

నేను ఒక వెదురు కర్రని. మహా అయితే అరకిలో తూగుతాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా బతుకంతా బరువులెత్తేవాళ్ల మధ్య గడిచింది.

విజయనగరం దగ్గర ఒక పల్లెలో పోలమ్మ నన్ను సంతలో కొని, పెరట్లో రెండు గుంజల మధ్య దండెంగా కట్టింది. తడిచీరలు మోస్తూ హాయిగానే ఉన్నాను. ఒకనాడు ఆమె కూతురు దమయంతి నన్ను ఊడదీసి వ్యాయామశాలకు పట్టుకుపోయింది. బరువులెత్తడం నేర్పే అప్పలసూరి మాస్టారు తలా ఒక కర్ర తెమ్మన్నారట.

అక్కడి పద్ధతి వింత. ఇనుము ముట్టుకునే ముందు పిల్లలు కర్రను నెత్తిమీదికెత్తి, గొంతుక్కూర్చుని లేవాలి. చెమట పట్టేదాకా అదే పని. ఇనుము దించాక మళ్లీ కర్రే. భుజాల మీద అడ్డంగా పెట్టుకుని, ఊపిరి నెమ్మదించేదాకా నడుము అటూ ఇటూ తిప్పాలి. పతకాలు మాత్రం ఇనుము ఎత్తినందుకే ఇస్తారు. లోకం తీరు ఎప్పుడూ అంతే కదా!

పోలమ్మకిది మింగుడు పడలేదు. "పనికి ముందు పనేటే? మేం నాట్లకెల్లీముందు గెంతులేస్తన్నామేటి? నా దండెం నాకు తెచ్చీయ్," అనేది. అలా అన్న మనిషే పొద్దుగూకేసరికి పొలం నుంచి నడుం పట్టుకుని మూలుగుతూ వచ్చేది.

ఆ ఏడు పట్నంలో క్రీడా హాస్టలుకు ఎంపికలు పెట్టారు. సీటొస్తే తిండీ చదువూ వాళ్లే చూసుకుంటారు. రాకపోతే చదువు మానేసి దమయంతి కూడా తల్లి వెంట నాట్లకే. బస్సు దిగి ఆ హాలు చూడగానే పిల్ల బిక్కచచ్చిపోయింది. అందరి కాళ్లకీ కొత్త బూట్లు, చేతుల్లో తళతళలాడే కడ్డీలు. నన్ను లోపలికి తేవడానికి సిగ్గుపడి, తలుపు వెనక చీపుళ్ల సరసన నిలబెట్టింది. ఒళ్లు వేడెక్కకుండానే పోయి బరువు పట్టుకుంది. భుజాలు బిగుసుకుపోయి ఇనుము దబ్బున కిందపడింది. రెండోసారీ అంతే. మూడింటిలో ఇక మిగిలింది ఒక్క అవకాశం.

వెంట వచ్చిన మాస్టారు తిట్టలేదు. నన్ను తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

"నీ వంతు రావడానికింకా టైముంది. ఎత్తు."

"అందరూ నవ్వుతారు మాస్టారూ."

"నవ్వినోల్లు నీకు సీటిస్తారేటి?"

నవ్వనే నవ్వారు. "బట్టలారేయడానికొచ్చిందేమో!" అంది ఒక పిల్ల. అందులో తప్పేముంది, నేను దండెం కర్రనే. దమయంతి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నన్ను ఎత్తింది, కూర్చుంది, లేచింది. కాసేపటికి ఆమె అరచేతులు వెచ్చబడ్డాయి. నుదుట చెమట పట్టింది. అప్పుడు పేరు పిలిచారు.

ఈసారి ఇనుము నెత్తిమీద నిలిచింది. అందరూ ఫొటోకి రమ్మని లాగుతుంటే, "ఉండండి, నా పనింకా అవలేదు," అని నన్ను భుజాల మీద పెట్టుకుని నెమ్మదిగా నడుము తిప్పింది.

సీటొచ్చింది. దమయంతి హాస్టలుకు వెళ్లిపోయింది. నేను ఇల్లు చేరేసరికి పోలమ్మ దండేనికి నైలాను తాడు కట్టేసుకుంది. నన్ను చూరులో దోపింది. ఇక పొయ్యిలోకే అనుకున్నాను.

నాట్లు మొదలైన మర్నాడు పొద్దున్నే పోలమ్మ అటూ ఇటూ చూసి, నన్ను చూరులోంచి లాగి నెత్తిమీదికెత్తింది. మోకాళ్లు పటపటమన్నాయి. అయినా గొంతుక్కూర్చుని లేచింది.

"ఒలే పోలమ్మా, పిచ్చెక్కిందేటే?" అని గోడ అవతలి నుంచి పక్కింటావిడ విరగబడి నవ్వింది.

"పిచ్చి కాదే, పనికి ముందు పని. మా పిల్ల ఫోన్లో పోరు పెడతంది. నిన్న రాత్రి నడుం పట్టుకుని మూలిగింది నువ్వు కాదేటి?"

ఆవిడ లోపలికి పోయింది. మర్నాటికి ఆవిడ పెరట్లో కూడా దండెం కర్ర ఊడదీసి ఉంది.