కడుపు నిండిన తరువాత

నిండిన కడుపు బొమ్మనే కదా చూపించింది, మూడు బొమ్మల్లో మూడోది, పొట్ట మొత్తం రంగు పూసిన బొమ్మ, దాని మీద వేలు పెట్టి ఇక చాలు అంది, తడబడలేదు, మరి ఇప్పుడా చెయ్యి బిస్కెట్ల గిన్నె వైపు ఎందుకు పోతోంది అనుకుంది డెనీస్, అద్దానికి ఇవతల దీపం ఆర్పిన గదిలో కూర్చుని, అవతలివాళ్లకి అది ఒట్టి అద్దమే, ఆరేళ్ల ఇవెట్‌కి అందులో తన మొహం కనిపిస్తుందే తప్ప తల్లి కనిపించదు, ఎనిమిదేళ్లుగా ఈ కుర్చీలోంచే ఊళ్లోవాళ్ల పిల్లలని చూసింది, కడుపునిండా మాకరోనీ పెట్టడం, నిండిందా అని బొమ్మలు చూపించి అడగడం, ఆటబొమ్మలతోనూ చిరుతిళ్ల గిన్నెలతోనూ పది నిమిషాలు ఒంటరిగా వదిలేయడం, ఎవరి చెయ్యి ఆగుతుందో ఎవరిది ఆగదో రాసుకోవడం, ఆ తరువాత గిన్నెలు తూచడం, విశ్వవిద్యాలయం ఆమెకి జీతమిచ్చేది అందుకే, లూయిస్టన్‌లో చెప్పులు కుట్టిన ఇంట్లోంచి వచ్చిన మొదటి డిగ్రీ ఆమెది, ఇవాళ మొదటిసారి గిన్నెల ముందు కూర్చున్నది ఆమె పిల్ల.

ఇవాళ తేలిపోనీ అన్నాడు రెమీ పొద్దున, కోటు గుండీలు పెట్టుకుంటూ, బడిలో నర్సు రెండో ఉత్తరం కూడా రాసింది, దిండు కింద రొట్టెముక్కలు దొరుకుతున్నాయి, ఆకలి లేకుండా తింటుందని నీ అద్దంలోనే తేలితే సాయంత్రమే ఫ్రిజ్‌కీ వంటింటి అరలకీ తాళాలు, కొనుక్కొచ్చి కార్లో పెట్టాను, అన్నాడు, ఇంట్లో పిల్లని దొంగని చేస్తామా రెమీ అంటే, దొంగతనం మానమను చెయ్యం, చదువుకున్నదానివి నువ్వు, నేను పైపులు బిగించుకునేవాణ్ణి, నీ శాస్త్రం ఎలా చెబితే అలాగే, అని భర్త నవ్వాడు, ఆ నవ్వులో కోపం లేదు, అలసట ఉంది, శాస్త్రం ఏం చెబుతుంది, ఈ గుణం పుట్టుకలోనే ఉంటుందని కొందరు, పళ్లెం ఖాళీ అయ్యేదాకా లేవనివ్వని తల్లుల వల్ల అని కొందరు, తిండి దాచిపెట్టే తల్లుల వల్ల అని ఇంకొందరు, తల్లులని కూర్చోబెట్టి ఆ ప్రశ్నలన్నీ తనే అడిగింది, వాళ్లు చేతులు నలుపుకుంటూ అబద్ధాలు చెబుతుంటే దిద్దకుండా రాసుకుంది, తన కాగితం తను నింపుకున్నప్పుడు అన్నిటికీ లేదు, లేదు, లేదు అని గీసింది, అవి నిజాలే అనుకుంది.

కానీ ఇది ఆశ కాదు, ఆశపడి తినే పిల్లలు ఎలా తింటారో ఆమెకి తెలుసు, తలుపు వైపు ఒక కన్ను, బుగ్గల నిండా కుక్కుకోవడం, పొడి దులుపుకోవడం, ఇవెట్ అలా లేదు, ఆటబొమ్మల వంక చూడనైనా లేదు, కుర్చీ తిప్పుకుని సరిగ్గా అద్దానికి ఎదురుగా కూర్చుంది, కుడిచేత్తో ఒక బిస్కెట్ తీసి తినేసింది, తరువాత ఎడమచేత్తో ఒకటి, అది తినేటప్పుడు మాత్రం కళ్లు మూసుకుంది, మెల్లగా, మెత్తగా, పళ్లు సరిగా రానివాళ్లు చప్పరించినట్టు, మళ్లీ కుడిచెయ్యి, మళ్లీ కళ్లు మూత, ఎడమచెయ్యి, పక్కన లెక్క రాస్తున్న విద్యార్థిని హాలీ కలం ఆపి, మీరు ఎప్పుడైనా ఇలా తినే పిల్లని చూశారా, నాకు ఒళ్లు జలదరిస్తోంది, అంది, రాసుకో, అంది డెనీస్, రెండు చేతులూ వేరువేరుగా రాయనా, అంది హాలీ, పెదవులు కదులుతున్నాయి చూడండి అని ఆ అమ్మాయే గోడకున్న స్పీకర్ పెంచింది, ముందు నమలడం వినిపించింది, చీకట్లో తమ చెవి పక్కనే ఎవరో కూర్చుని నములుతున్నట్టు, తరువాత ఇవెట్ గొంతు, ఇది నాకు, తరువాత కళ్లు మూసుకుని, ఇది కోలెట్‌కి.

కోలెట్ ఎవరండీ అంటోంది హాలీ, ఎక్కడో దూరం నుంచి, ఆస్పత్రిలో రెండు గాజుపెట్టెలు, నెలలు నిండకుండా వచ్చిన కవలలు, నాలుగో రోజుకి ఒక పెట్టె ఖాళీ, రెండో పెట్టెలో ఇవెట్, పాలు పీల్చే ఓపిక లేక సీసా నోట్లో ఉండగానే నిద్రపోయేది, సీసా మీది గీత దాకా తాగించాల్సిందే, బరువు పెరగకపోతే ఇదీ దక్కదు అన్నారు నర్సులు, అరికాలు మీద వేలితో తట్టి లేపమన్నారు, ఇంటికి తెచ్చాక కూడా రెండు గంటలకోసారి తట్టడం, ఏడుపు, సీసా, తమలాంటి ఫ్రెంచి ఇళ్లలో తినని పిల్లలకి పేర్లు చెప్పి తినిపిస్తారు, మెమేకి, అంటే అవ్వకి, ఒక చెంచా, తాత పెపేకి ఒక చెంచా, నాన్నకి ఒకటి, డెనీస్‌కీ అలాగే తినిపించారు, ఆ చలికాలం ఆమె నోటికి అవ్వ పేరూ తాత పేరూ రాలేదు, ఇది నీకు, ఇది కోలెట్‌కి, తాగు తల్లీ, చెల్లికి ఇంకా ఆకలిగా ఉంది, అంది, రెండో పేరు వినగానే నిద్రలో ఉన్న పిల్ల నోరు తెరిచింది, దేవుడు చూపించిన ఉపాయం అనుకుంది, మెమేకి చెబితే ఆవిడ కళ్లు తుడుచుకుని అలాగే కానీయవే, పిల్ల బతుకుతుంది, అంది, పిల్ల బతికింది, పాలయ్యాక గుజ్జు, గుజ్జు అయ్యాక బంగాళదుంప, మూడేళ్లు వచ్చేదాకా రెండు పేర్లే, చెంచా తన చేతిలోకి తీసుకున్న రోజున ఆ ఆట ముగిసిపోయిందనే అనుకుంది.

ఇంకా నాలుగు నిమిషాలుంది, మధ్యలో లోపలికి వెళ్లకూడదు, వెళితే ఈ పిల్ల లెక్క మొత్తం కొట్టేయాలి, ఆ నియమం కొత్తగా చేరినవాళ్లకి నేర్పేది తనే, ఇవెట్ ఒక చేత్తో పొట్ట పట్టుకుంది, నుదుటి మీద చెమట, మొహం తిప్పుకుంటోంది, అయినా ఎడమచెయ్యి గిన్నెలోకి వెళ్లింది, కళ్లు మూసుకుంది, అద్దంలోంచి ఒక క్షణం అది తను పెంచిన మొహంలా లేదు, ఆపేద్దామా అండీ అంటోంది హాలీ, అప్పటికే తలుపు తీసింది డెనీస్, వెలుతురు కళ్లలో గుచ్చుకుంది, అమ్మా నువ్వు ఇక్కడే ఉన్నావా, అంది ఇవెట్, తప్పు చేసిన పిల్లలా కాదు, పని మధ్యలో పలకరించినట్టు, నాది ఎప్పుడో అయిపోయిందమ్మా, పొట్ట నొప్పి కూడా వస్తోంది, తనే ఇంకా చాలనడం లేదు, అంది, ఎప్పుడంటుంది తల్లీ అని అడిగింది, అడగకుండా ఉండాల్సింది, ఏమో, నువ్వెప్పుడూ తనకి చాలని చెప్పలేదుగా, నాకే చెబుతావు.

పిల్ల ఎడమ అరచేతిలోంచి బిస్కెట్ తీసుకుంది, తడిగా ఉంది, రెమీకి చెప్పాలి, తాళాలు వాపసు ఇచ్చేయమనాలి, ఎందుకో కూడా చెప్పాలి, అదే కష్టం, పిల్ల నోరు తెరవాలని కదా పేరు వాడాను అని ఇన్నాళ్లూ అనుకుంది, కాదు, పిల్ల బతికాక కూడా మూడేళ్లు ఆ పేరు చెబుతూనే ఉంది, మెమే ఎదురుగా, రెమీ లేనప్పుడు ఇంకాస్త గట్టిగా, ఆకలి ఉన్నవాళ్లు ఎక్కడో ఒకచోట ఉన్నట్టే కదా అని, రోజుకి మూడు పూటలా ఒక కూతురి నోటితో ఇంకో కూతురిని ఇంట్లో ఉంచుకుంది, ఇప్పుడు ఈ పిల్ల కళ్లు మూసుకుని ఎదురుచూస్తోంది, చాలు అనాలి, ఇవెట్‌కి కాదు, ఆ రెండోదానికి, దాని పేరు పెట్టి పిలిచి చాలమ్మా అనాలి, ఆ మాట అనడమంటే, ఆరేళ్ల కిందట ఆస్పత్రిలో మిగిలినవాళ్లంతా చేసి తను మాత్రం చేయకుండా వదిలేసిన పని చేయడం, కోలెట్ చనిపోయిందని ఒప్పుకోవడం.