గోడ మీది మాస్టర్

బస్సు డిపో క్యాంటీన్లో పొద్దున్న పదింటికి పొయ్యి వెలుగుతుంది. అప్పటికి ఉల్లిపాయల అక్క సగం బస్తా తరిగేసి, కళ్ళు తుడుచుకోవడం కూడా మానేసి, ఏదో కూనిరాగం తీస్తూ ఉంటుంది. కిటికీలోంచి ఎండ మెల్లగా దిగి గిన్నెల అంచుల మీద కూర్చుంటుంది. బయట బస్సులు ఒకదాని వెనక ఒకటి దగ్గుతూ తుమ్ముతూ నిద్ర లేస్తాయి. సరిగ్గా ఆ వేళకే, పొయ్యి పక్క గోడ మీదికి వంట మాస్టర్ నీడ వచ్చి, చేతులు దులుపుకుని పని మొదలుపెడుతుంది.

మాస్టర్ పోయి నెల దాటింది. ఇరవై రెండేళ్ళు ఆ పొయ్యి ముందే నిలబడ్డ మనిషి. నీడ మాత్రం మూడో రోజునే పనిలోకి వచ్చేసింది. ఆ రోజు ఉల్లిపాయల అక్క తలుపు తీసి, గోడ మీద గరిటె తిప్పుతున్న నీడని చూసి, "వస్తున్నా మాస్టర్, బస్సు దొరకలేదు," అంది. బస్సుల డిపోలో పనిచేసే మనిషికి బస్సు దొరక్కపోవడమేమిటని మాస్టర్ బతికుండగా రోజూ ఏడిపించేవాడు. నీడకి నోరు లేదు కాబట్టి అక్క ఆ రోజు బతికిపోయింది.

అప్పట్నుంచీ అంతే. నీడ పదింటికి వస్తుంది, రెండింటికి వెళ్ళిపోతుంది, ఆదివారం రాదు. లోపలికొచ్చిన డ్రైవర్లు గోడకి ఓ నమస్కారం పెట్టి, కంచం పట్టుకుని వెళ్ళి కూర్చుంటారు.

మాస్టర్ అంటే వాళ్ళకి ప్రాణం. ఎవరికి కడుపులో మంటో, ఎవరు ఇంట్లో పోట్లాడి వచ్చారో ఆయనకి మొహం చూస్తే తెలిసిపోయేది. పోట్లాడి వచ్చినవాడి కంచంలో అడక్కుండానే ఇంకో రొట్టె పడేది. "తిను, తిన్నాక నీదే తప్పని నీకే తెలుస్తుంది," అనేవాడు. నిజంగానే తెలిసేది.

ఆయన భార్యని అందరూ వదినా అంటారు. క్యాంటీన్ మీది రెండు గదుల్లో ఉంటూ, డ్రైవర్ల చొక్కాలకి గుండీలు కుడుతూ, కిందికి పెద్దగా దిగేది కాదు. పదకొండేళ్ళ కూతురు. ఆ గదులు వంట పనితో పాటు వచ్చినవి. పని పోతే గదులూ పోతాయి. అందుకే పొడుగు డ్రైవర్ నలుగుర్ని వెంటబెట్టుకుని, కొత్తగా వచ్చిన మేనేజర్ దగ్గరికి వెళ్ళాడు.

"ఆ పని మా వదినకే ఇవ్వండి సార్."

"ఆవిడకి వంట వచ్చా?"

బస్సు ఎందుకు ఆలస్యమైందన్న విషయంలో తప్ప ఎన్నడూ అబద్ధమాడని పొడుగు డ్రైవర్ కాసేపు ఫ్యాను వంక చూశాడు. "మాస్టర్ భార్య కదండీ," అన్నాడు.

మేనేజర్ చెడ్డవాడు కాదు. "నెల రోజులు చూద్దాం. ముప్పయ్యో రోజు నేనే వచ్చి భోంచేస్తాను. బాగుంటే పనీ ఆవిడదే, గదులూ ఆవిడవే. బాగోకపోతే కొత్త వంటాయన్ని పిలుస్తాను. ఆయనకీ పెళ్ళాం పిల్లలు ఉంటారు కదయ్యా," అన్నాడు.

అసలు సంగతేమిటంటే వదినకి వంట రాదు. ఇంట్లో కూడా మాస్టరే వండేవాడు. వేరేవాళ్ళు గరిటె పట్టుకుంటే ఆయనకి చెయ్యి దురద.

మొదటి రోజు వదిన చీర కొంగు నడుముకి దోపుకుని పొయ్యి ముందు నిలబడింది. కిటికీ ఎండ వీపు మీద పడి ఆమె నీడ వెళ్ళి సరిగ్గా మాస్టర్ నీడలో కలిసింది. ఆయన చెయ్యి ఎటు కదిలితే ఆమె చెయ్యీ అటే కదిపింది. గోడ మీద రెండు నీడలు లేవు, ఒకటే ఉంది, కొంచెం చిక్కగా. పెళ్ళైన కొత్తలో కూడా వాళ్ళిద్దరూ అంత దగ్గరగా నిలబడి ఉండరేమో. వదిన మెడ ఎర్రబడింది. ఉల్లిపాయల అక్క ఉల్లిపాయల్ని చాలా శ్రద్ధగా చూసుకుంది.

నీడ చేతిలో ఉన్నది ఉప్పో మిరియాలో తెలియదు. చెయ్యి ఏ డబ్బా వైపు వెళ్ళిందో చూసి అక్క చెప్పేది. బీన్స్ కూర ఉడికింది. సూప్ మరిగింది. నీడ గరిటెతో కొంచెం తీసి నోట్లో వేసుకుంది. వేసుకుని, తల అడ్డంగా ఊపింది. ఒకసారి కాదు, మూడుసార్లు, ఎంతో దిగులుగా.

వదిన కంగారుగా ఇంకొంచెం ఉప్పు వేసింది. అది ఎక్కువైందనిపించి నీళ్ళు పోసింది. నీళ్ళు ఎక్కువయ్యాయని మిరియాలు దంచి వేసింది.

అక్క అది చూసింది. మొగుడి వంటలో రహస్యం పెళ్ళానికి తెలియకుండా ఉంటుందా, మనకెందుకు అనుకుంది.

డ్రైవర్లు తిన్నారు. "ఎలా ఉంది?" అని వదిన లోపల్నించే అడిగితే, "బాగుంది వదినా, కొత్తగా ఉంది," అన్నారు. పొడుగు డ్రైవర్ రెండు జగ్గుల నీళ్ళు తాగి, పండగనాటి తన బస్సంత నిండుగా నవ్వాడు. ఒక్కరూ కంచంలో మెతుకు వదల్లేదు. మాస్టర్ గోడ మీంచి చూస్తున్నాడు కదా.

రోజూ అదే వరస. వండేటప్పుడు చేతిలో చెయ్యి, రుచి చూసేటప్పుడు తల అడ్డం. మాస్టర్ అలవాట్ల గురించి క్యాంటీన్లో అందరికీ అన్నీ తెలుసు. అవి ఆయన భార్యకి తెలియకపోవచ్చని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

సాయంత్రం బడి నుంచి వచ్చిన కూతురు అడిగేది. "ఇవాళ కూడా నాన్న వద్దన్నాడా?"

"వద్దన్నాడు తల్లీ."

ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం వదిన ట్రంకు పెట్టె తీసి బట్టలు సర్దింది. చెల్లెలి ఊరు వెళ్ళిపోవాలి. అక్కడ ఒకే గది, అప్పటికే నలుగురు పిల్లలు. ఈ పిల్ల బడి మారాలి. "రేపటి ముచ్చట కూడా అయిపోనీ. చేతనైనంత చేశానని మీ నాన్నకి తెలియాలిగా," అంది. కూతురు తన పుస్తకాలు పెట్టెలో పెట్టలేదు. దిండు కింద పెట్టుకుని పడుకుంది.

ముప్పయ్యో రోజు మేనేజర్ ఒంటిగంటకే వచ్చి, కోటు గుండీలన్నీ పెట్టుకుని, మొదటి బల్ల దగ్గర కూర్చున్నాడు. వెనక బల్లల దగ్గర డ్రైవర్లు, ఇంజన్ ఆపేసిన బస్సుల్లా. లోపల కూర దించారు. అక్కకి ఆ రోజు మనసు ఆగలేదు. ఎప్పుడూ అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషి, ఆ రోజు ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకుంది. అచ్చం మాస్టర్ చేతి రుచి.

అప్పుడే గోడ మీద మాస్టర్ రుచి చూసి తల అడ్డంగా ఊపాడు. వదిన ఉప్పు డబ్బా అందుకుంది.

అక్క ఆ చెయ్యి పట్టుకుంది. "ఎందుకు వదినా?"

"చూడలేదా? వద్దంటున్నాడు."

"ఎవరు వద్దంటున్నారు?"

"తల ఊపడం లేదూ? నెల రోజుల్నించీ ఒక్కనాడు బాగుందని అనలేదు."

అక్క మెల్లగా ఉల్లిపాయల బస్తా మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరేలా నవ్వింది. ఎన్నాళ్ళకో ఆ కళ్ళలోంచి ఉల్లిపాయలతో పని లేని నీళ్ళు వచ్చాయి.

"పిచ్చి వదినా, కుదిరిందంటేనే మాస్టర్ అలా ఊపేది. ఇంత బాగా వచ్చాక దీన్ని ఆ బల్లల మీదికి పంపాలా, మనసొప్పడం లేదే అక్కా, అనేవాడు. చెడిపోయిన రోజున చక్కగా పైకీ కిందికీ ఊపి, పట్టుకెళ్ళండి పట్టుకెళ్ళండి అనేవాడు. నీకు చెప్పలేదూ?"

వదిన ఉప్పు డబ్బాని గుండెలకి పట్టుకుంది. "మరి నా టీ?" అంది.

"ఏం టీ?"

"ఇంట్లో నేను చేసేది అదొక్కటే. పొద్దున్నే ఆయనకి టీ ఇచ్చేదాన్ని. తాగి, ఇలాగే తల ఊపి, ఇంకో గ్లాసు ఇమ్మనేవాడు. రెండోదైనా బాగుంటుందేమోనని చూస్తున్నాడనుకునేదాన్ని." "పంతొమ్మిదేళ్ళు అక్కా."

అంతలోనే ఆమెకీ నవ్వొచ్చేసింది. పెళ్ళినాటి పిల్లలా, చెంపల్లో గుంటలు పడేలా, ఆపుకుందామన్నా ఆగని నవ్వు. అవతలి గదిలో డ్రైవర్లకి కారణం తెలియకపోయినా ఒక్కొక్కరి మొహమూ వెలిగింది.

"నవ్వింది చాలు, అక్కడ కోటాయన ఆకలితో ఉన్నాడు," అని అక్క కూర గిన్నె ఎత్తుకుని వెళ్ళింది.

మేనేజర్ మొదటి ముద్ద తిన్నాడు. రెండోది తిన్నాడు. కోటు పైగుండీ ఒకటి తీశాడు. రొట్టె మళ్ళీ అడిగాడు, సూప్ మళ్ళీ అడిగాడు, ఇంకో గుండీ తీశాడు. కోటు ఊడి కుర్చీ వెనక్కి వెళ్ళేసరికి కూర గిన్నె అడుగు కనిపించింది. వెనక బల్లల దగ్గర పొడుగు డ్రైవర్ తన కంచంలోకి తల వంచుకుని, "ఇది, ఇది మాస్టర్ చెయ్యి," అని గొణుగుతూ, నెల రోజులుగా తాగుతున్న నీళ్ళ జగ్గుని పక్కకి నెట్టేశాడు.

లోపల వదిన పెద్ద గిన్నెలో టీ పెట్టింది. ఎవరూ అడగలేదు. ఎన్ని గ్లాసులో లెక్క కూడా చూసుకోలేదు. టీ పొంగేసరికి గోడ మీద గడియారం రెండూ పది. రెండింటికల్లా వెళ్ళిపోయే నీడ ఇంకా వెళ్ళలేదు. వదిన మొదటి గ్లాసు గోడ పక్క గట్టు మీద పెట్టి, మిగిలినవి పళ్ళెంలో సర్దుకుని, ఆ నెలలో మొదటిసారి తనే బయటికి వచ్చింది.

మేనేజర్ ఏదో చెప్పాలని లేచి నిలబడ్డాడు. ఆయన పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాడు గాని, చెప్పాలనుకున్నది మరిచిపోయినట్టున్నాడు.

"రేపు ఏం వండుతున్నారమ్మా?" అన్నాడు.

వదిన గోడ వంక చూడలేదు.

"రేపటి సంగతి రేపు చూద్దురు గానీ, ముందు కూర్చోండి," అంది గ్లాసు చేతికిస్తూ. "టీ నేను బాగా పెడతాను."