పెరట్లో పొట్టి గుర్రం

నందిగామ ఎగ్జిబిషన్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే పొట్టి గుర్రాన్ని దేవరాజ్ కొని, జగ్గయ్యపేటలోని ఇంటికి తెచ్చాడు. భార్య రత్నమణి పెరటివైపు చూసి అడిగింది.

"ఇక్కడ ఇది ఎటు తిరుగుద్దండీ?"

"మేకకన్నా కాస్త పెద్దది, అంతే. జామచెట్టుకి కట్టేస్తే సరి. జెరూషా ఎంత మురిసిపోతోందో చూడు."

మూడో తరగతి చదివే కూతురు అప్పటికే దాని మెడ కావలించుకుని ఉంది.

పొద్దున వెళితే దేవరాజ్ ఆఫీసు నుంచి, రత్నమణి పాఠాలు చెప్పే బడి నుంచి తల్లీకూతుళ్లు వచ్చేసరికి సాయంత్రమయ్యేది. పక్కింటి రాఘవమ్మ ఒకటి రెండుసార్లు చెప్పింది. "మధ్యాహ్నం పూట మీ గుర్రం గోడని తంతోందమ్మాయ్." ఈగలు కుడుతున్నాయేమో అనుకుంది రత్నమణి.

వేసవి సెలవులు మొదలైన రోజు మధ్యాహ్నం ఆమె వంటింట్లో ఉండగా ఊరి బయటి క్వారీ సైరన్ మోగింది. ఆ వెంటనే సున్నపురాయి పేల్చిన చప్పుడుకి అరలో గిన్నెలు అదిరాయి. పెరట్లోంచి "అమ్మా" అని పీలగా వినిపించింది.

రత్నమణి గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. గుర్రం జామచెట్టు చుట్టూ పిచ్చెత్తినట్టు పరిగెడుతోంది. నోట్లోంచి నురగ కారుతోంది. తిరిగినకొద్దీ తాడు మానుకి చుట్టుకుని పొట్టిదవుతోంది. చెట్టు వెనక, నీళ్ల తొట్టికీ గోడకీ మధ్య మూలలో జెరూషా ఇరుక్కుపోయి ఉంది. గిట్ట తగిలి తొట్టి అంచు పెచ్చులూడింది.

"కదలకు జెరూ. గోడకి ఆనుకో." రత్నమణి గుమ్మంలోంచే అరిచింది.

గోడ అవతల నుంచి రాఘవమ్మ అంది. "అమ్మాయ్, ఇంకోటి పేలుద్ది. రోజూ రెండుంటాయి."

ఆ మాటకి రత్నమణి కదిలింది. పెరటి గేటు బార్లా తీసింది. గడ్డి కోసే కొడవలి అందుకుని చెట్టు దగ్గరికి వెళ్లి తాడు కోయసాగింది. గుర్రం ఊపిరి వేడిగా మెడకి తగులుతోంది. చివరి పురి తెగుతుండగా రెండో పేలుడు వినిపించింది. గుర్రం ఆమె భుజాన్ని గుద్దుకుంటూ గేటులోంచి వీధిలోకి దూసుకుపోయింది.

కూతుర్ని ఒళ్లోకి లాక్కుని రత్నమణి అక్కడే కూలబడింది.

"అమ్మా, లారీల కింద పడుద్దేమో," అంది జెరూషా. కొత్త భయం మొదలైంది.

కబురందుకున్న దేవరాజ్ స్కూటర్ మీద హైవే అంతా వెతికాడు. గరికపాడు దారిలో ఒక ధాబా వెనక అది దొరికింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి. చెయ్యి వేస్తే ఒళ్లంతా వణుకుతోంది.

"అది బిడ్డని తన్నాలని చూళ్లేదండీ," అంది రత్నమణి, దాన్ని ఇంటికి నడిపించుకొచ్చాక. "పారిపోదామని చూసింది. మనమే దారి లేకుండా కట్టేసాం."

జెరూషా ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. ఆ వారంలోనే గుర్రాన్ని వీరులపాడులో ఉన్న దేవరాజ్ అన్న జ్ఞానయ్య పొలానికి పంపారు. అక్కడ మేకలున్నాయి, కంచె లోపల విశాలమైన బీడుంది.

చూడ్డానికి వెళ్లినప్పుడు జెరూషా కంచె దూరి వెళ్లి దానికి బెల్లం పెడుతోంది. ఇంతలో దగ్గర్లో ట్రాక్టరు ఠపఠపమంది. రత్నమణి కంచె గుంజని గట్టిగా పట్టుకుంది. గుర్రం చెవులు రిక్కించి, తోక ఎత్తి, బీడు అవతలి కొస దాకా పరిగెత్తింది. అక్కడ ఆగి వెనక్కి చూసింది. కాసేపటికి మెల్లగా నడుచుకుంటూ పిల్ల దగ్గరికి వచ్చింది.

రత్నమణి మాత్రం కంచె గుంజని వదల్లేదు.