పెదనాన్న కండువాకి ఏ రంగు?

యానాం రేవులో ఏరు దాటించే పంటు ఎక్కుతున్నాను, ఎక్కేసరికి అది పంటు కాదు, ఫ్రెంచివాళ్ళ కాలంనాటి మునిసిపల్ ఆఫీసు, గోడలతో సహా గోదావరి మీద సాగిపోతోంది, లోపల మేయరు కుర్చీలో కిందటేడు పోయిన మా లోవరాజు పెదనాన్న కాళ్ళూపుకుంటూ కూర్చుని ఉన్నాడు. మెడలో దొరల్ని తిట్టిన రోజుల ఎర్ర కండువా, నడుముకి ఆ దొరల పార్టీలోనే మేయరయ్యాక కట్టుకున్న ఫ్రెంచి జెండా మూడు రంగుల పట్టీ. చూడగానే నాకు ఒళ్ళు మండిపోతుంది.

"రావే సత్యవేణీ! నా బొమ్మ ఎంతవరకొచ్చింది?"

"నీ బొమ్మ తగలెయ్య! తెల్లారితే ఆవిష్కరణ. సిమెంటు కండువాకి ఏ రంగెయ్యాలని పెయింటరు సూర్రావు నా ప్రాణం తీస్తున్నాడు. ఎరుపేస్తే ఫ్రెంచి పెన్షన్ తినేవాళ్ళు గడప తొక్కరంట. మూడు రంగులేస్తే ఎర్రజెండావాళ్ళు బొమ్మని గోదాట్లో కలిపేస్తారంట. పెద్దమ్మకి మాటిచ్చి చచ్చాను. అసలు నువ్వెటో చెప్పు!"

పెదనాన్న లేచి, దొరలు పోవాలంటూ కిటికీలోంచి పిడికిలి ఊపుతాడు, ఒడ్డున జనం చప్పట్లు కొడతారు, ఇంతలో ఆఫీసు గిర్రున తిరుగుతుంది, అదే గొంతుతో దొరలు చల్లగా ఉండాలంటాడు, ఈ ఒడ్డునా చప్పట్లే, ఆ జనమూ ఈ జనమూ ఒకళ్ళేనేమోనని నాకు అనుమానం వస్తుంది.

"సిగ్గులేదూ? బళ్ళో నన్ను గోడమీద పిల్లిగారమ్మాయి అనేవాళ్ళు, తెలుసా?"

పెదనాన్న మొహం చిన్నబోతుంది. కుర్చీ పీటైపోయింది, ముందు చేపల పులుసు.

"రెండుచోట్లా నిజంగానే నమ్మేనమ్మా, అదే నా ఖర్మ. ఇంటికొస్తే మాత్రం మీ పెద్దమ్మ, ముందా గుడ్డలన్నీ విప్పి అన్నానికి రా అనేది. ఆ కాసేపూ నేను ఏ పార్టీవోణ్ణీ కాదు."

"మరి రంగు?"

"నా తువ్వాలు ఏదే? చెయ్యి తుడుచుకోవాలి."

నీళ్ళు లోపలికొచ్చేస్తున్నాయి, ఇద్దరం తువ్వాలు కోసం వెతుకుతున్నాం, దొరక్కపోతే ఆయన ఎంగిలి చేత్తోనే వెళ్ళిపోతాడని నాకు ఏడుపొచ్చేస్తోంది, ఎవరో దబదబా తలుపు బాదుతున్నారు.

తెల్లారిపోయింది. వాకిట్లో సూర్రావు, చేతిలో తడవని కుంచె.

"నన్నేం చెయ్యమంటారండీ? పొద్దున్నే పెద్దమ్మగారొచ్చి బొమ్మ మెడలో ఏదో కప్పేసేరు. ముట్టుకుంటే చెయ్యిరగ్గొడతానన్నారండీ."

పరుగెత్తాను. సిమెంటు కండువా కనపడకుండా పెదనాన్న పాత గళ్ళ తువ్వాలు, పక్కనే ముక్కాలిపీట మీద కాపలాగా పెద్దమ్మ. తువ్వాలు అంచున పులుసు మరక ఇంకా పోలేదు.