గోపాల్ పాటలో బేస్

వినోద చింతపండులో గింజలు తీస్తుంటే లక్సెట్టిపేట నుంచి నర్మద ఫోన్ చేసింది. "అక్కా, ఏమనుకోకు. అన్న సగం చేసిన పెండ్లిపాట ఉండె గదా. డాన్సు షూటింగ్ పెట్టుకున్నం. ఫైలు ఉంటే జర పంపు."

భర్త గోపాల్ గుండెపోటుతో పోయి ఏడాది కూడా కాలేదు. బొగ్గుబాయి డ్యూటీ దిగి స్నానం చేయగానే మందమర్రి క్వార్టర్ ముందరి గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. నర్మద లాంటి వాళ్లు పాడిన జానపదాలకు సంగీతం కట్టేవాడు. చాయ్ ఇవ్వడం, గ్లాసులు ఎత్తడం వినోద పని. ఆ గ్లాసులు ఎత్తే లోపలే, ఏది తిప్పితే శబ్దం మొద్దుబారుతుందో, ఏది తిప్పితే పదునెక్కుతుందో వెనక నిలబడి చూసింది. ఒకసారి పాట అడుగున గుమ్మని మోగే స్వరం ఎక్కువైందనిపించి, ఉండబట్టలేక, "గా బేస్ డప్పును మింగుతున్నదేమో" అంది. "ముందుగాల కూరల ఉప్పు చూస్కో, తర్వాత నా పాట చూద్దువు" అన్నాడు గోపాల్ స్నేహితుల ముందు. అందరితోపాటు తనూ నవ్వింది. ఆ మాట కన్నా తన నవ్వే ఇప్పటికీ మండుతుంది.

అత్త నాగవ్వ కునుకు తీస్తున్న వేళ వినోద కంప్యూటర్ తెరిచింది. ఫైలు పంపేసి లేవాలనే అనుకుంది. కానీ విన్నది. బేస్ ఇంకా డప్పును మింగుతూనే ఉంది. పోయినవాడి పనిలో తప్పు వినపడటమే పాపమనిపించింది. ఆయన చొక్కాలు ఇంకా బీరువాలోంచి తియ్యలేదు. ఆయన బేస్ మాత్రం తీసేసింది.

ఆయన వాడిన సింథ్‌నే తెరిచింది. కంప్యూటర్‌లోనే ఉండే ఆ వాయిద్యం ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. ఒకటి నొక్కి ఉంచి రెండోది నొక్కితే, మొదటిదాన్ని వదిలి రెండోదానికి జారుతుంది. ఆ జారుడే ఆమెకు కావలసింది. పైన గరగర పోయి అడుగున గుమ్మనేది మిగిలేదాకా ఫిల్టర్ మూసుకుంటూ పోయింది. డప్పు దెబ్బ పడేచోట స్వరాన్ని ఆపి, దెబ్బ దాటగానే మళ్లీ మోగనిచ్చింది. పాట లేచి నిలబడింది. నర్మదకు పంపేసి, మళ్లీ పెట్టుకుని విన్నది. తనకు తెలియకుండానే కాలు ఆడుతోంది. చేత్తో మోకాలు అదిమి పట్టుకుంది. మొగుడు పోయిన ఆడదానికి ఇంత సంతోషమా?

"మా గోపాలుదేనా బిడ్డా?"

తలుపు దగ్గర నుంచి నాగవ్వ వచ్చి స్పీకర్ మీద అరచెయ్యి ఆనించింది. "గుండెకాడ తాకుతున్నది. వాడే చెయ్యాలె గిట్ల! ఎంత మంచిగ చేసిండు నా కొడుకు." కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అవునంటే ముసలామెకు ఎంత ఊరట! ఈ ఇంట్లో ఒకరి తృప్తి కోసం తను లేనట్టుండటం వినోదకు కొత్త కాదు. అవుననటానికి నోరు తెరిచింది కూడా. అంతలో ఫోన్ మోగింది.

"అక్కా, బేస్ అదిరిపోయింది! అన్న వినిపించిన దాంట్ల గిట్ల లేకుండె. ఎవలు చేసిన్రు? పాట కింద పేరు ఏమెయ్యాలె?"

వినోద అత్త వైపు చూసింది. "సంగీతం గోపాల్ అని ఎయ్యి" అంది. మళ్లీ ఊపిరి తీసుకుంది. "దాని కింద, బేస్ వినోద అని ఎయ్యి."

"బేస్ అంటే ఏంది బిడ్డా?" అంది నాగవ్వ.

"నీ చేతికి తాకుతున్నదే బేస్, అత్తమ్మా."

నాగవ్వ మెల్లగా చెయ్యి తీసుకుంది. వినోద తన మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.