కేబుల్ బిగిస్తే సరిపోదు

కురవి రోడ్డు మీద మెకానిక్ పరశురాములు షెడ్డు ముందుకు ట్రాలీ ఆటో వచ్చేసరికి ఇంకా ఎండ ఎక్కలేదు. డ్రైవరు గణపతి బ్రేకు మూడుసార్లు తొక్కాడు. బండి షెడ్డు దాటి, నాలుగు గజాలు అవతలికి పోయి, అప్పుడు నిలబడింది. వెనక డబ్బాలో పద్నాలుగు మంది తండా ఆడవాళ్ళు, బియ్యం మూటలు, గిన్నెలు. చిట్యాల దిక్కు మిర్చి ఏరడానికి పది రోజుల పని మీద బయలుదేరారు.

బండి ఆగీ ఆగకముందే మంగ్లీ దూకింది. చంకలో బండరాయి. దాన్ని వెనక చక్రం కింద పెట్టి, కాలితో తన్ని బిగించింది.

"గదేంది బిడ్డా?" అన్నాడు పరశురాములు.

"హ్యాండ్‌బ్రేకు పట్టది బాపూ. ఎక్కుడు కాడ ఆగితే నేనే దుంకి రాయి పెడత. మా తండల ప్రతి బండికి ఒక రాయిమనిషి ఉంటది. దానికి కిరాయి మాఫీ."

"పోయినేడు ఎవరు?"

"మా అక్క. రెండు కాలివేళ్ళు నుజ్జయినయ్. ఈయేడు నాకు ప్రమోషన్ ఇచ్చిండ్రు."

డబ్బాలో అందరూ నవ్వారు. పరశురాములు నవ్వలేదు.

గణపతి దిగుతూనే తొందరపెట్టాడు. "బాపూ, జర హ్యాండ్‌బ్రేకు కేబుల్ రెండు రౌండ్లు బిగించు. పదకొండింటికల్ల శ్రీపాల్ పటేల్ చేన్ల ఉండాలె. లేటయితే ఇంకో ముఠాను దింపుతడు."

"ఎన్నిసార్లు బిగించినవ్ ఇప్పటికి?"

"పెడల్ కిందికి పోయినప్పుడల్లా."

"తాళంచెవి తే."

ఇచ్చాడు. పరశురాములు దాన్ని జేబులో వేసుకొని బండి కిందికి దూరాడు. కేబుల్ మర చివరిదాకా వచ్చేసింది. ఇక బిగించడానికి మర మిగల్లేదు.

"అందరిని దిగమను. వెనక చక్రాలు ఇప్పాలె."

"ఇప్పుడా? గంటన్నర పడ్తది!"

"లోపల బ్రేకు షూలు అరిగి డ్రమ్ముకు దూరమైనయ్ రా. వాటిని దగ్గరికి జరిపేది లోపల ఉన్న పళ్ళచక్రం. నువ్వు పైనుంచి కేబుల్ గుంజి కట్టేస్తే అది తిరగక తుప్పుపట్టింది. బ్రేకు కాదు, బొమ్మను తొక్కుతున్నవ్."

గణపతి షెడ్డు ముందు అటూ ఇటూ తిరిగాడు. ఫోను తీశాడు, పెట్టాడు. చివరికి నోరు జారాడు. "ఓదెమ్మవ్వ పోయిన కాన్నుంచి నీకు ప్రతి బండీ యముని బండే. మంది పనులు చెడగొట్టుడు నేర్సినవ్."

పరశురాములు బండి కింది నుంచి బయటికి వచ్చాడు.

"ఓదెమ్మ ఎక్కిన బండికి ఆ పొద్దు కేబుల్ బిగించింది నేనే. రెండు రౌండ్లు. దాని డ్రైవరు గిట్లనే తొందరపెట్టిండు. నేను సరే అన్న. ఇగ జాకీ అందుకో."

ఆ బండే బ్రేకు పట్టక పరశురాములు భార్యను పొట్టన పెట్టుకుంది. ఆ డ్రైవరుతో పరశురాములుకు మూడేళ్ళుగా మాటల్లేవు. తన మీద కోపం అంతకన్నా ఎక్కువ.

పరశురాములు మంగ్లీ తెచ్చిన రాయిని తీసుకెళ్ళి ముందు చక్రానికి అడ్డం పెట్టాడు. హ్యాండ్‌బ్రేకు దింపి, కేబుల్ పూర్తిగా వదులు చేశాడు. కుడివైపు పళ్ళచక్రం స్క్రూడ్రైవరుతో కదిలింది. ఎడమది కదల్లేదు. డ్రమ్ము ఊడగొట్టి, తుప్పు గీకి, పళ్ళచక్రం మరకు మాత్రం వేలిచివరతో గ్రీజు రాశాడు. షూలకు అంటకుండా చూశాడు. డ్రమ్ము, చక్రం మళ్ళీ ఎక్కించాడు. చక్రం బిగుసుకుపోయేదాకా పళ్ళు తిప్పాడు, తర్వాత ఒక్కొక్క పన్ను వెనక్కి వదిలాడు.

"తిప్పు బిడ్డా."

మంగ్లీ చక్రం తిప్పింది. సర్రుమని చిన్నగా రాసుకుంటూ తిరిగింది.

"గంతే సప్పుడు ఉండాలె. ఎక్కువైతే కాల్తది, తక్కువైతే పట్టది."

గణపతిని ఎక్కించి పెడల్ పదిసార్లు తొక్కించాడు. షూలు సర్దుకున్నాక మళ్ళీ తిప్పి చూశాడు. రెండు వైపులా ఒకే సప్పుడు వచ్చేదాకా వదల్లేదు. ఆఖరున కేబుల్ బిగించాడు. హ్యాండ్‌బ్రేకు పైకి గుంజితే ఆరో టిక్కుకు పట్టింది.

ఆలోపే శ్రీపాల్ ఫోను వచ్చింది. గణపతి వాలిన ముఖంతో చెప్పాడు. "సగం చేను వేరేటోళ్ళకు ఇచ్చిండు."

"సగం ఉన్నది కదా" అంది మంగ్లీ. "నీ మొఖం జర సాపు చేసుకో."

గణపతికి తాళంచెవి తిరిగిచ్చి, అందరినీ ఎక్కించి, తనూ ఎక్కి, పరశురాములు చెరువుకట్ట ఎక్కుడు మీద బండి ఆపించి హ్యాండ్‌బ్రేకు గుంజించాడు. మంగ్లీ అలవాటుగా కాలు బయట పెట్టింది.

"కూసో!" అని అరిచాడు.

బండి కదల్లేదు. ఆడవాళ్ళు వెనక్కి చూసుకొని, నమ్మకం లేక ఒకరినొకరు పట్టుకున్నారు. కదల్లేదు.

గణపతి రోడ్డు దిక్కు చేయి చూపాడు. "ఇగ పోతం బాపూ. దిగు."

పరశురాములు దిగాడు. రెండడుగులు వేశాడు. ఎడమ చక్రం సప్పుడు చెవిలో ఉంది. కుడిదానికన్నా ఒక వెంట్రుకవాసి ఎక్కువేమో. వెనక్కి తిరిగి వచ్చి గణపతి పక్కన ఎక్కి కూర్చున్నాడు.

"షెడ్డు?"

"తాళం ఎయ్యలే. పోనియ్."

మానుకోట దాటాక, నర్సంపేట తొవ్వలో బండి ఆపించి దిగి, రెండు డ్రమ్ముల మీదా అరచెయ్యి పెట్టాడు. కుడిది గోరువెచ్చన. ఎడమది చుర్రుమంది. జాకీ పెట్టించి, బండి కిందికి దూరి, ఒక్క పన్ను వదిలాడు.

"అయిపోయిందా బాపూ?" అన్నాడు గణపతి, ఈసారి మెల్లగా.

"కాలే. చిట్యాల దాక ఉంది తొవ్వ. ఎక్కు."