గాలానికి చిక్కిన కొర్రమీను

హిందూపురం సంత పేరెత్తితే చాలు, యశోదమ్మకు ఇప్పటికీ సిగ్గూ కోపమూ కలిసే వస్తాయి. ప్రపంచ యుద్ధం రాకముందు, పెళ్లైన కొత్తలో, ఆమె మొగుడు, ధర్మవరం నేతగాడు లింగప్ప, ఆమెను రైలెక్కించుకుని గాలం కర్ర కొనడానికి అక్కడికే పోయాడు. చిన్న పరిగెకూ పెద్ద కొర్రమీనుకూ ఒకే కర్ర కావాలని ఆయన పట్టు. నాసిరకం విరుగుతుంది, ఖరీదైంది అందదు. నడిమిరకం వెదురొకటి ఏరాడు. దాని కొనకు వెంట తెచ్చుకున్న మగ్గం పట్టుదారం కట్టి, రెండో కొస ఆమె చేతికిచ్చాడు.

"పరిగె మాదిరి మెల్లగా లాగు. ఊఁ, ఇప్పుడు కొర్రమీను మాదిరి గుంజు!"

సంతంతా నవ్వింది. ఒళ్లు మండి ఆమె గుంజిన గుంజుడుకు కర్ర విల్లులా వంగింది గానీ విరగలేదు.

ఆ కర్రకు చెరువులో ఎప్పుడూ పరిగెలే పడ్డాయి. "కొర్రమీను యాడప్పా?" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, లింగప్ప పొయ్యి దగ్గరున్న ఆమెను చూపేవాడు.

"ఆపొద్దే హిందూపురం సంతలో పడె గదప్పా!"